విడాకుల పిమ్మట బిడ్డ కళాశాల చదువు: అపోహలు – వాస్తవాలు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని తెలుగు కుటుంబములలో విడాకుల మాట వచ్చినపుడు, పెద్దమనుషుల పంచాయితీలోనైనను, న్యాయస్థానములోనైనను, నగలెవరికి చెందును, పొలమెవరి పాలు, నెలకు జీవనాంశమెంత అను విషయములపై వాదోపవాదములు తెగక సాగును. కాని అప్పటికి అయిదారేండ్ల ప్రాయమున నున్న బిడ్డ రేపు పి.యు.సి. ముగించి కళాశాలలో చేరునాడు ఫీజెవరు కట్టవలెనను ప్రశ్నకు ఒప్పందపత్రములో తరచుగా ఒక్క పంక్తియైనను దక్కదు. అక్కడ మాట లేకపోవుటవలననే తరువాతి కాలమున ఎవరికి తోచినది వారు చట్టమని నమ్ముచున్నారు.

“పద్దెనిమిదేండ్లు నిండినాయి, ఇంక నాకేమీ సంబంధము లేదు” అనునది వానిలో మొదటిది. ఇందు సగము నిజమున్నది గనుకనే ఇది మిక్కిలి హాని చేయుచున్నది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము 20వ సెక్షను ప్రకారము కుమారుని పోషణభారము అతడు మైనరుగా నున్నంతవరకే. అవివాహితయైన కుమార్తె విషయమున మాత్రము, ఆమె తన సంపాదనతో గాని ఆస్తితో గాని తన్ను తాను పోషించుకొనలేనంతకాలము, ఆ బాధ్యత తల్లిదండ్రులిరువురి మీదను నిలిచియుండును. పోషణయనగా కూడు గుడ్డలు మాత్రమే కాదు, విద్యయు అందు చేరునని ఆ చట్టమే నిర్వచించినది. అయితే మెజిస్ట్రేటు నెదుట త్వరితముగా భరణము కోరు మార్గము, అనగా పూర్వపు క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 125వ సెక్షను, 2024 జూలై నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షను, అన్ని మతములవారికిని వర్తించునదే యైనను, శారీరక మానసిక వైకల్యముగలవారికి తప్ప మేజరైన బిడ్డలకు ఉపకరింపదు. కావున మేజరైన హిందూ కుమార్తె 1956 చట్టము క్రిందనే దావా వేయవలెనని సుప్రీంకోర్టు 2020లో అభిలాష కేసులో విశదీకరించినది. తలిదండ్రులనుండి విద్యావ్యయమును పొందుట కుమార్తెకు చట్టబద్ధమైన హక్కనియు, వారి ఆర్థికస్తోమతకు లోబడి ఆ ధనమిచ్చుటకు వారిని నిర్బంధింపవచ్చుననియు అదే న్యాయస్థానము 2025 జనవరిలో పలికినది.

మరి కుమారుని మాటయేమి? మన కర్ణాటక రాష్ట్రమునుండియే వెళ్ళిన వివాదమొకటి ఇచట స్మరింపదగియున్నది. రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఉద్యోగి యైన ఒక తండ్రి, తన మొదటి వివాహమువలని కుమారునకు నెలకు 20,000 రూపాయలిమ్మని కుటుంబ న్యాయస్థానము చేసిన ఆజ్ఞను సుప్రీంకోర్టువరకు ప్రశ్నించెను. అతని జీతమును, రెండవ సంసారమున నున్న బిడ్డలను గమనించి, 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మొత్తమును నెలకు 10,000కు తగ్గించి, ఏటేట వేయి రూపాయలు పెంచవలెనన్నది. కాని ఈ కాలమున మొదటి డిగ్రీ పదునెనిమిదేండ్లు దాటిన పిమ్మటనే చేతికందును గనుక అంతవరకును చదివింపక తప్పదని నిర్ణయించినది. రెండవ పెండ్లితో మొదటి బిడ్డ ఋణము తీరిపోదని ఇందువలన స్పష్టమగుచున్నది. అయినను ఆ తీర్పు ప్రతి కుమారునకును తానై వర్తించునని నమ్ముకొనుట వివేకము కాదు. ‘మొదటి డిగ్రీ పూర్తియగువరకు’ అను మాటను విడాకుల ఒప్పందములోనే వ్రాయించుకొనుట ఒక్కటే సురక్షితమైన పని యని నా దృఢాభిప్రాయము.

“ఆమెకు ఉద్యోగముంది గదా, ఆమే చదివించుకోనీ” అనువారున్నారు. “తండ్రన్నాక అంతా ఆయనే పెట్టాల” అనువారును ఉన్నారు. 2020 నవంబరులో రజ్నేష్–నేహా కేసున సుప్రీంకోర్టు చూపిన త్రోవ ఈ రెండింటికిని నడుమనున్నది: బిడ్డల చదువు ఖర్చు సాధారణముగా తండ్రి భరింపవలెను, తల్లికి తగినంత సంపాదన యున్నచో ఇరువురును తమ తమ ఆదాయముల నిష్పత్తిలో పంచుకొనవచ్చును. తండ్రికి నెలకు అరువది వేలు, తల్లికి ముప్పది వేలు వచ్చుచు, ఏడాది ఖర్చు లక్షన్నర యైనచో, తండ్రి లక్షయు తల్లి యేబదివేలును పెట్టుకొందురన్నమాట. ఇరుపక్షములును ఆస్తులను, అప్పులను, ఆదాయమును ప్రమాణపత్రమున తెలుపవలెనని ఆ తీర్పే విధించినది గనుక, జీతపు చీటీ లేదను సాకున పట్టుగూళ్ళమీది రాబడిని గాని, టమోటా తోటను గాని, పహణిలోని భూమిని గాని దాచుటకు వీలులేదు. అయితే శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టులో ధర పడిపోయిన యేడు రైతు కష్టమెట్టిదో మనమెరుగుదుము. అట్టి కుటుంబములకు స్థిరమైన రూపాయల లెక్కకంటె, ఖర్చులో ఇంత వంతు అని వ్రాసుకొనుటయే న్యాయముగా తోచుచున్నది. ఖర్చనగా ఫీజు మాత్రమే కాదు: ఊరిలోనే డిగ్రీ చదువు బిడ్డకు బస్సుపాసు, పుస్తకములు చాలును గాని, బెంగళూరికి పోవు బిడ్డకు హాస్టలు, భోజనము, ప్రవేశపరీక్షల శిక్షణయు ఉండును. వీనినన్నిటిని పేరుపేరున పేర్కొనవలెను.

నెలనెలా ఇచ్చు జీవనాంశములోనే సమస్తమును చేరిపోయినదను వాదము ఆజ్ఞలోని మాటలనుబట్టి నిలుచును లేదా పడిపోవును. బిడ్డ ఒకటవ తరగతిలో నున్నపుడు నిర్ణయించిన మొత్తము కళాశాలనాటికి చాలదని చూపి మార్పు కోరుటకు చట్టము అవకాశమిచ్చినది.

“రాజీలో బిడ్డకేమీ వద్దని తల్లి సంతకము పెట్టింది” అనుట మరింత శోచనీయము. తల్లి తన భరణమును వదలుకొనవచ్చును గాని, బిడ్డకు చెందిన హక్కును వదలుటకు ఆమెకు అధికారము లేదు. అట్లే బిడ్డను చూడనీయలేదన్న కోపమున ఫీజు నాపుటయు తగదు. చూచు హక్కునకై తండ్రి వేరుగా న్యాయస్థానము నాశ్రయింపవచ్చును. ఫీజు కట్టు గడువు మాత్రము ఎవరి కోపము చల్లారువరకును ఆగదు.

విద్యాఋణము తీసికొన్నచో పంపకము తీరిపోయినట్లే యని కొందరి తలంపు. బ్యాంకు దృష్టిలో ఋణపత్రముపై సంతకము చేసినవారే బాధ్యులు. తలిదండ్రుల నడుమ ఒప్పందమెట్లున్నను అది బ్యాంకును కట్టిపడవేయదు. కనుక సహఋణగ్రహీతగా ఒక్కరే సంతకము చేసినపుడు, రెండవవారు తమ వంతు కిస్తీని ఏ తేదీలోగా ఎవరి ఖాతాలో జమచేయవలెనో ముందే వ్రాసియుంచవలెను.

వకీలు ఖర్చునకు వెరచి ఊరకుండు తల్లులకు ఒక మాట. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకును బాలబాలికలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయసేవల ప్రాధికారమును, తాలూకా సమితులును అందులకే యున్నవి. 15100 అను సంఖ్యకు ఫోను చేసియు అడుగవచ్చును. లోక్ అదాలతులో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానమగును, దానిపై అప్పీలుండదు; కనుక సంతకము చేయుటకు ముందు చదువు ఖర్చునకు సంబంధించిన పంక్తులను బిగ్గరగా చదివించుకొని వినవలెను.