అమెరికా ప్రయాణమా? ముందు మ్యాపు పరచండి!

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు మన తిరుపతి, చిత్తూరుల్లో ఇప్పుడు వీధికొకటైనా కనిపిస్తాయి. పురుటికని వెళ్ళి, ఆరు నెలలూ వంటింట్లోనూ ఉయ్యాల దగ్గరా గడిపేసి, ఏం చూశావమ్మా అంటే "ఇండియన్ స్టోర్సూ, గుడీ" అనే తల్లులు ఎంతమందో! మనవల్ని ఎత్తుకోవడం ముచ్చటే, కాదనను. కానీ అంతదూరం పోయి ఆ దేశం చూడకుండా రావడమెందుకు? టికెట్టు కొనకముందే "ఫలానా పదిరోజులు మాకు దేశం చూపించాలి" అని ఫోనులోనే తేల్చుకోండి. చాలామంది పిల్లలకు ఏడాదికి రెండు మూడు వారాలే సెలవు. మనం దిగాక అడిగితే అవి అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి.

పదిరోజుల్లో అమెరికా అంతా చూడలేం. "నయాగరా చూసి, అట్నుంచి అటే గ్రాండ్ కాన్యన్ చూసొద్దాం" అంటారు మగవాళ్ళు, కాణిపాకం చూసుకుని అర్ధగిరికి పోయినట్టు! న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలెస్‌కు రోడ్డుదారి దాదాపు 4,500 కిలోమీటర్లు. గడియారంలోనే మూడు గంటల తేడా. పిల్లలు న్యూజెర్సీలో ఉంటే న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా చాలు. నయాగరాకే కారులో ఏడెనిమిది గంటలు పడుతుంది. రోజులు మిగిలితే పిట్స్‌బర్గ్‌లో 1970లలో కట్టిన మన వెంకన్న గుడి ఉంది. కాలిఫోర్నియాలో ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో, యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్ పెట్టుకోండి. మన గండికోటను పోల్చేది ఈ లోయతోనే. దాని అంచు సుమారు 7,000 అడుగుల ఎత్తు, తిరుమలకు రెండింతల పైనే. ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి వెళ్ళాలి. నయాగరాలో పడవలు చలికాలంలో నడవవు కనుక మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్తే మేలు.

వీసా చేతికి రాకుండా టికెట్టు కొనకండి. ఇంటర్వ్యూ తేదీకే నెలలు పట్టవచ్చు. హైదరాబాదులో 2008 నుంచి కాన్సులేట్ ఉన్నా మనకు చెన్నై దగ్గర. వీసా పదేళ్ళకిచ్చినా, ఎన్నాళ్ళుండాలో అక్కడ దిగాక అధికారి చెబుతారు. మామూలుగా ఆరు నెలలు.

ఇన్సూరెన్సు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. అక్కడ నాలుగు రోజులు ఆస్పత్రిలో పడితే మన ఇల్లు అమ్మినా చాలదు. బీపీ, షుగరు లాంటి పాత జబ్బులకు చాలా పాలసీలు డబ్బివ్వవు. ఆ షరతు పిల్లలచేత చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

ఇక సామాను. కరివేపాకు రెబ్బలు పెట్టెలో దాచకండి. నిమ్మ, నారింజ చెట్లకు తెగులు మోసుకొచ్చే పురుగు దాన్ని పట్టుకుని వస్తుందని రానివ్వరు. పచ్చి మామిడికాయలు, కోడిమాంసం పచ్చడి కూడా అంతే. ఆవకాయ, పొడులు గట్టిగా మూతలు బిగించి పెట్టె సామానులో వేయండి. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దాచితే జరిమానా వేస్తారు.