జర్మన్, సినిమా ఒకే డిగ్రీలో: గంటల లెక్క

జర్మన్‌లో సి1 స్థాయి చేరాలంటే 800 నుంచి 1,000 పీరియడ్లు పడతాయని గోథె ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. పీరియడ్ అంటే 45 నిమిషాలు. గంటల్లోకి మారిస్తే 600 నుంచి 750. జర్మనీ యూనివర్సిటీలో జర్మన్ మాధ్యమంలో చదవాలంటే సాధారణంగా అడిగేది దాదాపు ఈ స్థాయే. బ్రిటన్‌లో కొన్ని యూనివర్సిటీలు జర్మన్‌ని, ఫిల్మ్ స్టడీస్‌ని కలిపి ఒకే డిగ్రీగా ఇస్తాయి. ఆ డిగ్రీని ఈ అంకె పక్కన పెట్టి చూద్దాం.

అక్కడ ఏడాదికి 120 క్రెడిట్లు. క్లాసు, లైబ్రరీ, ఇంటి దగ్గర చదువు అన్నీ కలిపి ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల శ్రమ అని లెక్క. రెండు సబ్జెక్టులకూ సమానంగా పంచితే చెరో 60 క్రెడిట్లు వస్తాయి. జర్మన్‌కు దక్కిన 60లోనూ అంతా భాషే ఉండదు. సాహిత్యం, చరిత్ర, రాజకీయాలు కూడా అందులోనే. అచ్చంగా భాష నేర్పే క్లాసులు వారానికి 4 గంటలు, ఏడాదికి 24 వారాలు జరుగుతాయనుకుందాం. 96 గంటలు. క్యాంపస్‌లో గడిపే మూడేళ్లకు 288. కావాల్సిన 600లో సగం కూడా కాలేదు.

స్కూల్లోనే జర్మన్ చదివి వచ్చినవారికి ఈ లోటు అంతగా తెలియదు. కానీ అలాంటివారు తగ్గిపోతున్నారు. 1990ల చివర బ్రిటన్‌లో ఎ-లెవెల్ జర్మన్ పరీక్ష రాసినవారు దాదాపు 10 వేలు. ఇప్పుడు 3 వేల లోపే. అందుకే అక్షరం ముక్క రానివారిని కూడా చాలా యూనివర్సిటీలు చేర్చుకుని, మొదటి ఏడాది నుంచీ నేర్పుతున్నాయి.

మిగతా గంటల్లో కొంత విదేశంలో గడిపే ఏడాది పూడుస్తుంది. ఈ డిగ్రీలు ఎక్కువగా నాలుగేళ్లవి, మూడో ఏడాది జర్మనీలోనో ఆస్ట్రియాలోనో గడుస్తుంది. రెండో దారి సినిమా. భాషకు దక్కాల్సిన సమయాన్ని సినిమా లాక్కుంటుందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. సినిమాను వినికిడి అభ్యాసంగా కాకుండా సినిమాగానే చదివితే, భాషకు తక్కువైన గంటలు అక్కడే దొరుకుతాయి.

అయితే ఊరికే చూస్తే చాలదు. వారానికో సినిమా చొప్పున ఏడాదికి 24, సగటున 100 నిమిషాలు అనుకుంటే 40 గంటలు. మూడేళ్లకు 120. క్లాసు గంటలకు ఇవి కలిపినా 408 దగ్గరే ఆగుతాం. పైగా ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో చూసిన గంటను భాష నేర్చుకున్న గంటగా లెక్కేయలేం. ఇంగ్లిష్ సినిమాల మీద 2009లో వెలువడిన ఒక పరిశోధన 318 సినిమాల సంభాషణలను లెక్కగట్టింది. మాటల్లో 95 శాతం తెలియాలంటే దాదాపు 3,000 పదకుటుంబాలు రావాలని, 98 శాతానికి దాదాపు 6,000 కావాలని తేల్చింది. జర్మన్‌లో సమాసాలు ఎక్కువ కాబట్టి ఆ అంకెలను యథాతథంగా తీసుకోకూడదు గానీ అంచనాకు పనికొస్తాయి. గోథె ఇన్‌స్టిట్యూట్ బి1 పరీక్షకు ఇచ్చే పదాల జాబితాలో ఉండేవి దాదాపు 2,400. నిమిషానికి 100 మాటలు వినిపించే సన్నివేశంలో 95 శాతం తెలిసినా నిమిషానికి 5 మాటలు జారిపోతాయి. కథ మలుపు తిరిగే మాట ఆ ఐదింట్లోనే ఉండొచ్చు.

ఇంకో చిక్కు సినిమా చరిత్రలోనే ఉంది. జర్మన్ సినిమాకు ప్రపంచంలో పేరు తెచ్చిన మొదటి దశకంలో మాటే లేదు. ‘డాక్టర్ కలిగరి’ 1920లో, ‘నోస్ఫెరాటు’ 1922లో, ‘మెట్రోపొలిస్’ 1927లో వచ్చాయి. అన్నీ మూకీలే. ముర్నావ్ 1924లో తీసిన ‘డెర్ లెట్స్‌టె మన్’లో అయితే కథ చెప్పే అక్షరాల కార్డు కూడా ఒక్కటే. ఫిల్మ్ స్టడీస్ పాఠం ఈ సినిమాలతో మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. భాషా విద్యార్థికి మాత్రం ఆ సెమిస్టర్‌లో చెవికి అందేది దాదాపు శూన్యం.

రెండు చదువులూ కలిసే చోటు 1931. ఆ ఏడాది ఫ్రిట్జ్ లాంగ్ తన మొదటి టాకీ ‘ఎం’ తీశాడు. పిల్లల్ని చంపే ఒక హంతకుడి కోసం బెర్లిన్ నగరమంతా వెతికే కథ. నగరంలో పోలీసు గస్తీ పెరిగి దొంగల వ్యాపారం దెబ్బతింటుంది. దాంతో హంతకుణ్ణి తామే పట్టుకోవాలని దొంగలూ సమావేశమవుతారు. ఒక గదిలో పోలీసు అధికారులు, మరో గదిలో నేరగాళ్లు. కెమెరా ఈ గదికీ ఆ గదికీ మారుతుంటే, ఇక్కడ మొదలైన మాట అక్కడ పూర్తవుతుంది. రెండు గదుల్లోనూ అదే పొగ, అవే చేతులు తిప్పడాలు.

ఈ కొద్ది నిమిషాల సన్నివేశంతో ఒక వారం పాఠం నడపొచ్చు. ఫిల్మ్ విద్యార్థిగా కూర్చున్నప్పుడు షాట్లు లెక్కపెట్టాలి. శబ్దం ఏ షాట్‌లో మొదలై ఏ షాట్‌లోకి సాగుతుందో రాసుకోవాలి. నేపథ్య సంగీతమే దాదాపు లేని సినిమాలో హంతకుడి ఈల ఎందుకంత భయపెడుతుందో ఆలోచించాలి. జర్మన్ విద్యార్థిగా కూర్చున్నప్పుడు అధికారుల కార్యాలయ భాషకూ దొంగల వీధి భాషకూ ఉన్న తేడా పట్టుకోవాలి. ఎవరు ఎవర్ని గౌరవంగా పిలుస్తున్నారు, ఎవరు చనువు తీసుకుంటున్నారు అని గమనించాలి. పోలీసులూ దొంగలూ ఒకేలా ప్రవర్తిస్తున్నారని దృశ్యం చెబుతుంది. ఒకేలా మాట్లాడుతున్నారా లేదా అన్నది భాష వచ్చినవాడికే తెలుస్తుంది. ఇలా ఐదు నిమిషాల భాగాన్ని పన్నెండుసార్లు చూస్తే గంట అవుతుంది. వంద నిమిషాల సినిమాను సబ్‌టైటిళ్లతో ఒక్కసారి చూసినదానికంటే ఈ గంట విలువ ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

మన విద్యార్థులకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. జర్మన్ ఉపవాక్యాల్లో క్రియ చివరికి వెళ్తుంది. ఇంగ్లిష్ పిల్లలకు అది పెద్ద అడ్డంకి. తెలుగులో క్రియ సాధారణంగా చివరే కాబట్టి, వాక్యం ముగిసేదాకా ఓపిగ్గా వినే అలవాటు మనకు చిన్నప్పటినుంచే ఉంది.

వ్యాకరణం కూడా సినిమాలో అర్థాన్ని మోయగలదు. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో తుర్కియేతో, 1963లో మొరాకోతో ఒప్పందాలు చేసుకుని కూలీలను రప్పించుకుంది. 1973 నవంబరులో ఆపేసింది. కొన్ని నెలలకే, 1974లో, ఫాస్‌బిండర్ తీసిన ‘ఆంగ్‌స్ట్ ఎస్సెన్ జేలె ఆవుఫ్’ వచ్చింది. మొరాకో నుంచి వచ్చిన కార్మికుడు అలీ, పాచిపని చేసుకునే వయసు మళ్లిన జర్మన్ స్త్రీ ఎమ్మీ పెళ్లి చేసుకుంటారు. ఎమ్మీ పిల్లలు, ఇరుగుపొరుగు ఆమెను వెలేస్తారు. అలీ క్రియలను పురుషకు తగ్గట్టు మార్చకుండా మాట్లాడతాడు. పనికి కావాల్సినంత భాషే అతని చేతిలో పెట్టిన దేశం ఆ మాటల్లో వినిపిస్తుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో ఇది కొంతే కనిపిస్తుంది. మొదటి ఏడాది జర్మన్ విద్యార్థికి మాత్రం వెంటనే చెవిన పడుతుంది, ఎందుకంటే తనూ అలాగే మాట్లాడుతుంటాడు. ఫాస్‌బిండర్ 1982లో చనిపోయేనాటికి వయసు 37, తీసిన చిత్రాలు 40కి పైనే. ఒక సెమిస్టర్ మొత్తం ఆయనకే ఇచ్చే కోర్సులు అతిశయం కాదు.

‘లోలా రెంట్’ (1998) గురించి ఒక్క మాట. 81 నిమిషాల సినిమా, 20 నిమిషాల్లో లక్ష మార్కులు తేవాల్సిన అమ్మాయి, అదే పరుగు మూడుసార్లు. ‘అలా జరిగి ఉంటే’ అనే వాక్యాలు నేర్పడానికి ఇంతకంటే తేలిక పాఠం లేదు.

జర్మన్ సినిమా చరిత్రకు పునాది వేసిన రెండు పుస్తకాలు జర్మన్‌లో వెలువడలేదు. నాజీల నుంచి తప్పించుకుని వెళ్లిన జీగ్‌ఫ్రీడ్ క్రకావర్ తన పుస్తకాన్ని 1947లో అమెరికాలో ఇంగ్లిష్‌లో తెచ్చాడు. లోటె ఐస్నర్ 1952లో పారిస్‌లో ఫ్రెంచ్‌లో ప్రచురించింది. మరి జర్మన్ ఎందుకు అనిపించవచ్చు. క్రకావర్ అంతకుముందు ‘ఫ్రాంక్‌ఫుర్టర్ త్సైటుంగ్’లో రాసిన సమీక్షలు జర్మన్‌లో ఉన్నాయి. 1920ల సినిమా దినపత్రిక ‘ఫిల్మ్-కురియర్’ జర్మన్‌లో ఉంది. తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థ డెఫా 1946 నుంచి తీసిన దాదాపు 700 కథాచిత్రాలున్నాయి. వాటన్నిటికీ ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు లేవు. 1965 డిసెంబరులో అక్కడి పార్టీ సమావేశం తర్వాత డజను దాకా సినిమాలను నిషేధించారు. ఆ నిర్ణయాల కాగితాలు చదవాలంటే ప్రభుత్వ కార్యాలయాల జర్మన్ రావాలి.

మనకు నేరుగా సంబంధం ఉన్న పని కూడా మిగిలి ఉంది. మ్యూనిక్ దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్ భారతీయ నిర్మాత హిమాంశు రాయ్‌తో కలిసి ‘లైట్ ఆఫ్ ఏషియా’ (1925), ‘షిరాజ్’ (1928) తీశాడు. తర్వాత బాంబే టాకీస్‌లో ‘అఛూత్ కన్య’ (1936) తీశాడు. కథానాయిక దేవికా రాణి వాల్తేరులో పుట్టి, బెర్లిన్‌లోని ఊఫా స్టూడియోలో పని నేర్చుకున్న మనిషి. కెమెరామన్ యోసెఫ్ వియర్షింగ్ కూడా జర్మనే. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం ఈ ఇద్దరు జర్మన్లనూ నిర్బంధించింది. భారతీయ టాకీ తొలి రోజుల మీద పరిశోధన చేసేవారికి హిందీ, ఇంగ్లిష్‌లతోపాటు జర్మన్ కూడా వస్తే, మ్యూనిక్ పత్రికల సమీక్షలతో మొదలుపెట్టి చాలా పని చేయొచ్చు.

తెలుగు విద్యార్థి జర్మనీకి ఎలా వెళ్లాలి? 2024-25 శీతాకాల సెమిస్టర్‌లో జర్మనీలో చదువుతున్న భారతీయులు దాదాపు 59 వేలు, విదేశీ విద్యార్థుల్లో అతి పెద్ద బృందం. వీరిలో ఎక్కువమందివి ఇంజినీరింగ్ కోర్సులు, చాలా చోట్ల ఇంగ్లిష్ మాధ్యమమే. సినిమా చదువు అలా కాదు. బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలో ఫిల్మ్‌విస్సెన్‌షాఫ్ట్ బ్యాచిలర్ డిగ్రీ జర్మన్‌లోనే. అక్కడ డిగ్రీకి 180 పాయింట్లు, పాయింట్‌కు 30 గంటలు, మొత్తం 5,400 గంటల శ్రమ. ఇది సినిమాను చదవడం. సినిమా తీయడం నేర్చుకోవాలంటే బాబెల్స్‌బెర్గ్ (1954), బెర్లిన్ డిఎఫ్ఎఫ్‌బి (1966), మ్యూనిక్ హెచ్‌ఎఫ్‌ఎఫ్ లాంటి సంస్థలు వేరే ఉన్నాయి. వాటి ప్రవేశ విధానమూ వేరు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. వీసా కోసం బ్లాక్‌డ్ ఖాతాలో చూపాల్సింది నెలకు 992 చొప్పున ఏడాదికి 11,904 యూరోలు.

అంత డబ్బు పెట్టేముందు హైదరాబాద్‌లో మొదలుపెట్టవచ్చు. అక్కడి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జర్మన్ విభాగమూ ఫిల్మ్ స్టడీస్ విభాగమూ ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి. స్థాయి పరీక్షల కోసం గోథె-జెంట్రుమ్ ఉంది. ఇంటర్ అయ్యాక ఇక్కడ డిగ్రీలో చేరి ఆ మూడేళ్లూ వారానికి 5 గంటలు జర్మన్‌కు ఇస్తే, ఏడాదికి 45 వారాల చొప్పున 675 గంటలు. సి1కు చెప్పిన 600, 750 మధ్య పడే అంకె అది. మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టేనాటికి భాష సిద్ధంగా ఉంటుంది.