హంబన్‌టోటలో చైనా లంగరు

శ్రీలంక దక్షిణ తీరాన హంబన్‌టోటకు పది నాటికల్ మైళ్ల దూరంలోనే తూర్పు పడమరలను కలిపే ప్రధాన నౌకా మార్గం ఉంది. గల్ఫ్ చమురును చైనాకు మోసుకెళ్లే ట్యాంకర్లు అటుగానే పోతాయి. అంత రద్దీ దారి పక్కన కట్టిన రేవుకు తొలి ఏళ్లలో వచ్చిన ఓడలు మాత్రం చాలా తక్కువ.

ఇది 2004 సునామీలో తీవ్రంగా దెబ్బతిన్న ఊరు, మహింద రాజపక్స సొంత జిల్లా. ఆయన అధ్యక్షుడిగా ఉండగా 2007లో చైనా ఎగ్జిమ్ బ్యాంకు 30 కోట్ల డాలర్లకు పైగా అప్పిచ్చింది. వడ్డీ 6.3 శాతం. కట్టిందీ చైనా కంపెనీయే. రేవు 2010 నవంబరులో ప్రారంభమైంది. 2013లో దగ్గరలోని మత్తలలో, మళ్లీ చైనా అప్పుతోనే, విమానాశ్రయం కూడా వెలిసింది. అక్కడ విమానాల జాడ అంతంతమాత్రమే.

నష్టాలు మోయలేక 2017లో కొలంబో ఆ రేవును 112 కోట్ల డాలర్లకు, 99 ఏళ్ల లీజుపై చైనా మర్చంట్స్ పోర్ట్ సంస్థకు అప్పగించింది. బాకీ కింద రేవును చైనా లాగేసుకుందన్న మాట ప్రపంచమంతా పాకింది. జరిగింది అది కాదు. లీజు సొమ్ము విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లింది, ఎగ్జిమ్ బ్యాంకు బాకీ అలాగే మిగిలింది. అప్పట్లో శ్రీలంకను ఎక్కువగా పిండుతున్నవి అంతర్జాతీయ మార్కెట్లో అమ్ముకున్న బాండ్లు. తమ నాయకుల దుబారాకు లంక ప్రజలే మూల్యం చెల్లించారు.

అలాగని చైనాను తప్పు లేనిదిగా వదిలేయలేం. రేవు గిట్టుబాటవుతుందా అని గట్టిగా ఆరా తీయకుండా అప్పులిచ్చిన బ్యాంకుకూ ఇందులో బాధ్యత ఉంది. పైగా బీజింగ్‌కు దక్కింది వడ్డీ ఒక్కటే కాదు. 2022 ఆగస్టులో ఉపగ్రహాలనూ క్షిపణులనూ గమనించగల చైనా నౌక యువాన్ వాంగ్ 5 హంబన్‌టోటకు వస్తానంది. శ్రీహరికోట ప్రయోగాల మీద అది కన్నేస్తుందేమోనని మన దేశంలో ఆందోళన రేగింది. భారత్ అభ్యంతరంతో రాకను వాయిదా వేయమని కోరిన కొలంబో, చివరకు ఒప్పుకుంది. ఆగస్టు 16న నౌక రేవులో నిలిచింది. అప్పటికి శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసి నాలుగు నెలలైంది. ఆ సంక్షోభ కాలంలో ఇంధనానికీ ఆహారానికీ మందులకూ భారత్ సుమారు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది. అంత సాయం చేసిన పొరుగు దేశం వద్దన్నా నౌకను ఆపలేకపోవడంలోనే చైనా పలుకుబడి బరువు తెలుస్తుంది.

కొలంబో ఇద్దరినీ దూరం చేసుకోలేదు. 2024 జనవరి నుంచి ఏడాది పాటు విదేశీ పరిశోధన నౌకలను ఆపింది. అధ్యక్షుడయ్యాక అనుర కుమార దిసనాయకే ఆ డిసెంబరులో ముందు ఢిల్లీ వచ్చారు. మరుసటి నెల బీజింగ్ వెళ్లినప్పుడు, అదే హంబన్‌టోటలో చమురు శుద్ధి కర్మాగారానికి చైనా చమురు సంస్థ సినోపెక్‌తో 370 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది.