ఎవరొచ్చినా అడిగింది నీళ్లే: అనంతపురం జనం కథ

అనంతపురం పక్కనున్న పెద్ద చెరువు కట్టకు రెండు కొసల్లో రెండు ఊళ్లు వెలిశాయి. ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. 14వ శతాబ్దంలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు ఈ చెరువు కట్టించాడని చెబుతారు. చెరువు నిండి మరవ పారిన ఏడు పండగ, కట్ట తెగిన ఏడు ప్రళయం. ఒకసారి కుండపోత వానకు కట్ట తెగబోతే కాపు ఇంటి కోడలు ముసలమ్మ ఆత్మబలి ఇచ్చి ఊరిని కాపాడిందన్న కథ ఈ ప్రాంతంలో తరతరాలుగా నడుస్తోంది. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి మూలం ఈ కథే.

సీమలో రాజ్యాలు చాలా మారాయి. 1565లో విజయనగరం కూలాక రాజధాని పెనుకొండకు తరలింది. ఆ తర్వాత పాలెగాళ్ల కాలం. అనంతపురాన్ని హండె వంశం వాళ్లు ఏలారు. గుత్తి కోటలో మరాఠా సర్దారు మురారిరావు పాగా వేస్తే, 1776లో హైదర్ అలీ దాన్ని పట్టుకున్నాడు. ప్రతి దండూ దారిలోని పల్లెల గాదెలు ఊడ్చుకుపోయేది. ఆనాటి గొడవలను స్థానికులు తెలుగులో రాసి పెట్టుకున్నారు. ఆ రాతప్రతిని సి.పి. బ్రౌన్ సేకరించి 1853లో ‘రాజుల యుద్ధములు’ పేరుతో అచ్చు వేయించాడు.

టిప్పు సుల్తాన్ నుంచి చేజిక్కిన ఈ నేలను నిజాం నవాబు 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. తన దగ్గరుంచుకున్న కంపెనీ పటాలం ఖర్చు కింద జమ కట్టిన బేరం అది. జనాన్ని ఎవరూ అడగలేదు. దత్తమండలాలన్న ముద్ర మాత్రం వందేళ్లకు పైగా వదల్లేదు.

కంపెనీ పంపిన కలెక్టరు థామస్ మన్రో మొదట అనంతపురంలోనే మకాం పెట్టాడు. తన ఇలాకాలో ఎనభై మంది పాలెగాళ్లను లెక్కగట్టి, వాళ్ల బంట్ల బలం విరిచాడు. పొలానికి పొలం కొలిపించి, నడుమ జమీందారు లేకుండా రైతు పేరునే శిస్తు రాయించాడు. పాలెగాడి దౌర్జన్యం తప్పింది సరే, శిస్తు భారం తప్పలేదు. వాన పడని ఏట కూడా కట్టాల్సిన శిస్తు మోయలేనిదని ఆయనకే తెలిసింది. 1807లో వెళ్లిపోతూ నాలుగోవంతు తగ్గించమని సిఫారసు చేశాడు. అది అమలు కావడానికి 1820లో ఆయనే మద్రాసు గవర్నరై రావాల్సి వచ్చింది. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయిన మన్రోను మొదట గుత్తిలోనే పూడ్చారు. ‘మన్రోలప్ప’ అని పిల్లలకు పేరు పెట్టుకున్న కుటుంబాలు సీమలో ఉన్నాయి. పన్ను వేసినవాడి పేరే బిడ్డకు పెట్టుకున్నారంటే, అంతకు ముందు పాలన ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

1876లో వచ్చింది ధాతు కరువు. రెండేళ్లు వానల్లేవు. పశువులు పోయాయి, మనుషులు పోయారు, మిగిలినవాళ్లు గంజి కేంద్రాల బాట పట్టారు. అప్పటికి ఇదంతా బళ్లారి జిల్లా. 1882లో విడదీసి అనంతపురం జిల్లా చేశారు. మూడేళ్లకే, 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెస్ సభకు గుత్తి వకీలు కేశవపిళ్లె వెళ్లారు.

ఆంధ్ర రాష్ట్రం కావాలన్న ఉద్యమం ఊపందుకున్నాక సీమ నాయకులకు ఒక అనుమానం పట్టుకుంది: మద్రాసు పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తే ఏమిటి లాభం? 1928లో నంద్యాల సభలో, అనంతపురం కళాశాల పండితుడు చిలుకూరి నారాయణరావు సూచన మీద, దత్తమండలాలు రాయలసీమ అయ్యాయి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో ఒడంబడిక కుదిరింది. అనంతపురం తరఫున కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు సంతకాలు చేశారు. పదేళ్ల పాటు నీటి పథకాల్లో సీమకు మొదటి పీట, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం అందులోని మాటలు. అనంతపురానికి విశ్వవిద్యాలయం వచ్చింది 1981లో. నీళ్ల సంగతి నేటికీ తేలలేదు.

1952 ఎన్నికల్లో అనంతపురం స్థానంలో బావాబామ్మర్దులు తలపడ్డారు. కాంగ్రెస్ నుంచి నీలం సంజీవరెడ్డి, కమ్యూనిస్టుల నుంచి తరిమెల నాగిరెడ్డి. నాగిరెడ్డి అక్కచెల్లెళ్లలో ఒకరు సంజీవరెడ్డి ఇల్లాలు. పెద్ద భూస్వాముల ఇంట పుట్టి పేదల పక్షం చేరిన నాగిరెడ్డే గెలిచారు. ఓడిన సంజీవరెడ్డి నాలుగేళ్లకే ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు, 1977లో రాష్ట్రపతి అయ్యారు. నాగిరెడ్డి 1969లో శాసనసభకు రాజీనామా ఇచ్చి విప్లవ రాజకీయాల వైపు నడిచి, 1976లో అజ్ఞాతంలో ఉండగానే కన్నుమూశారు.

ఈలోగా పొలాల్లో కొర్ర, సజ్జ, జొన్న తగ్గి వేరుశనగ పరుచుకుంది. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పంటను స్పెయిన్ వాళ్లు 16వ శతాబ్దంలో కరీబియన్‌లోని హిస్పానియోలా దీవిలో చూసి రాసిపెట్టారు. అక్కడి జనానికి నిత్యాహారమైనది ఇక్కడి రైతుకు నూనె మిల్లు కోసం వేసే జూదమైంది. తొలకరికి గొర్రు కట్టి విత్తితే సరిపోదు. ఊడలు నేలలోకి దిగే వేళకు వాన కావాలి, కాయ ఊరే వేళకు మళ్లీ కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల పైచిలుకు పడే చోట ఈ రెండూ కుదిరే ఏళ్లు తక్కువ. కుదరని ఏట మిగిలేది పశువుల మేతకు కట్టె ఒక్కటే. అప్పు తీరదు, బెంగళూరు కట్టడాలకో కేరళకో బస్సెక్కాలి.

మహారాష్ట్ర నుంచి బహిష్కరణకు గురైన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరారు. ఆయన మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) ఊళ్లలో ఇళ్లు, బడులు, చెక్‌డ్యాములు కట్టింది, బత్తలపల్లిలో ఆసుపత్రి పెట్టింది. దళిత వాడలకే మొదట వెళ్లడం దాని పద్ధతి. 2009లో ఆయన ఇక్కడే కన్నుమూశారు.

2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లికి చేరాయి. బోర్లకింద చీనీ, దానిమ్మ, అరటి తోటలు పెరిగాయి. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండైంది, పెనుకొండ, ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి. ఎన్టీఆర్‌ను మూడుసార్లు గెలిపించిన హిందూపురం మాత్రం జిల్లా కేంద్రం తమకే రావాలని ధర్నాలకు దిగింది. కేంద్రం పుట్టపర్తికే దక్కింది.