పాత లేతు మోటారు సంరక్షణము

మన నవాబుపేట ఇండ్లలోని మిక్సీలయందు బొగ్గు బ్రష్షులు కలవని చదువరు లెఱుగుదురు. లోహమును తఱుగు కొన్ని పాత లేతులకును అవియే ప్రాణము. అమెరికాలోని సిడ్నీ పట్టణమున మొనార్క్ కంపెనీవారు 1939లో వెలువరించిన 10ఈఈ లేతు అట్టిది. అట్టి లేతులలో కొన్నిటి మూలము 1891 నాటి వార్డ్ లియొనార్డ్ పద్ధతి. ఏసీ మోటారు జనరేటరును త్రిప్పును. అందు పుట్టిన డీసీ కరెంటు లేతు మోటారును నడుపును. జనరేటరు ఫీల్డును హెచ్చించిన లేతు వేగము హెచ్చును.

ఇట్టి మోటారును పాతదని తీసివేయుట తొందరపాటని మా అభిప్రాయము. తక్కువ వేగమునను దాని బలము సడలదు. అది కోరునది స్వల్పశ్రద్ధయే. మెయిన్ స్విచ్చి ఆపి, యంత్రము పూర్తిగా నిలిచిన పిమ్మట, బ్రష్షులు తమ గూళ్లలో సులువుగా జారునో లేదో చూడవలెను. బొగ్గుపొడిని పీల్చి తీయవలెనే గాని ఊదరాదు. ఊదినచో తీగచుట్టలలో చొచ్చును. కమ్యుటేటరును ఎమరీ కాగితముతో రుద్దరాదు. దాని రేణువులు రాగిపట్టీల నడుమ చిక్కి కరెంటును దాటింపగలవు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. నడుచు మోటారు ఫీల్డు తీగ తెగినచో, భారము లేని వేళ వేగము అదుపు తప్పును. చక్కు పట్టిన ఇనుపముక్క ఎగిరి మనిషిని చంపవచ్చును. అట్టివేళ కరెంటు నాపుటకే ఒక రిలే యుండును. లేతు మాటిమాటికి ఆగుచున్నదని ఆ రిలేను తప్పించి తీగ కలుపరాదు. అది ఆపినప్పుడెల్ల, ఎచ్చటనో తీగ సడలినదేమోయని వెదకవలెను.