నీచు వాసన చెప్పే కబురు

శ్రీకాకుళం జిల్లా భావనపాడులో తెప్ప ఒడ్డుకు రాగానే బుట్టకెత్తిన కవళ్లను వాసన చూస్తే సముద్రం తప్ప పెద్దగా ఏమీ తగలదు. అవే కవళ్లు కాసేపు ఎండలో ఉంటే నీచు మొదలవుతుంది. బేరానికి వచ్చిన ఆడవాళ్లు మొప్ప ఎత్తి రంగు చూసి, ఓసారి ముక్కు దగ్గర పెట్టుకుని ధర తేల్చేస్తారు.

ఆ ముక్కు పట్టేది ట్రైమిథైలమైన్‌ని. ఉప్పునీటి చేపల కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. సముద్రపు ఉప్పును తట్టుకోవడానికి అది వాటికి సాయపడుతుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని విరగ్గొడితేనే నీచు పుడుతుంది. చెరువు చేపల్లో ఆ పదార్థం చాలా తక్కువ. సొర, టేకు చేపల ఒంట్లోనైతే యూరియా కూడా దండిగా ఉంటుంది. అది అమ్మోనియాగా మారుతుంది కాబట్టే నిలవున్న సొర కళ్లు మండేంత ఘాటుగా ఉంటుంది.

చేపల పులుసులో చింతపండు రుచి కోసమే కాదు. పులుపు తగిలితే ట్రైమిథైలమైన్ లవణంగా మారి, ఆవిరై గాలిలోకి లేవలేదు. ముక్కుదాకా రానిది వాసన ఎలా వేస్తుంది? ఏ ప్రయోగశాలా లేకుండా మన వంటిళ్లు కనిపెట్టిన రసాయన శాస్త్రమిది. ఎండుచేపలది మరో పద్ధతి. ఉప్పు, ఎండ కలిసి తడిని లాగేస్తే బ్యాక్టీరియాకు బతుకే ఉండదు.

మనిషి ముక్కులో వాసనలను పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు. ఇలాంటి గ్రాహకాల జన్యువులను 1991లో వెలుగులోకి తెచ్చిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. నీచును పట్టే టార్-5 అనే గ్రాహకం మాత్రం ఆ 400లోది కాదు, టార్ అనే వేరే చిన్న కుటుంబానిది. ఐస్‌లాండ్‌లో 11 వేల మందికి పైగా పరీక్షించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఒక వింత బయటపడింది. టార్-5 జన్యువులో తేడా ఉన్న కొందరికి అదే చేప వాసన బంగాళదుంపలాగానో, గులాబీలాగానో తోచింది. ఒకే వాసన అందరికీ ఒకేలా ఉండాలన్న నియమం లేదన్నమాట.

జంతువుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏనుగుకు వాసన గ్రాహక జన్యువులు దాదాపు 2,000. శ్రీకాకుళం తీరానికి వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు గుంటను ఇసుకతో కప్పి, ఒంటి బరువుతో అదిమి, ఆనవాలు చెరిపేసి వెళ్తుంది. అయినా కుక్కలు, నక్కలు వాసన పట్టి తవ్వి గుడ్లు తినేస్తాయి. అందుకే గుడ్లను ఏరి కంచె వేసిన చోట మళ్లీ పూడ్చి కాపాడాల్సి వస్తోంది.

ఇంత పని చేసే ముక్కును మనం పట్టించుకునేది అది మొరాయించినప్పుడే. కొవిడ్‌లో చాలామందికి వాసన పోయింది. వాసన కణాలకు ఆసరాగా ఉండే పక్క కణాలను వైరస్ దెబ్బతీయడమే ముఖ్య కారణమని పరిశోధకులు తేల్చారు. కూర రుచిలో పెద్ద వాటా వాసనదే కాబట్టి అన్నం చప్పబడిపోయింది. వాసన చూసి సరుకు కొనేవాళ్లకైతే పనిముట్టే పోయినట్టు. దీనికి వైద్యులు సూచించే సాధన ఒకటుంది: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం వాసనలను రోజూ ఉదయం, సాయంత్రం కొద్ది సెకన్ల చొప్పున శ్రద్ధగా పీల్చాలి. కనీసం 3 నెలలు మానకుండా చేయాలి. అందరికీ పూర్తిగా తిరిగి రాకపోయినా చాలామందికి మెరుగుదల కనిపించింది. వాసన కణాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి మరి.