పత్రరంధ్రం తెరవడానికి శక్తి ఎక్కడిది?

ఆకుపై ఎండ పడగానే పత్రరంధ్రాలు విచ్చుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్తుంది, నీటి ఆవిరి బయటికి వస్తుంది. చూడటానికి చిన్న కదలికే, కానీ మొక్కకు ఊరికే జరిగే పని కాదు.

ఒక్కో రంధ్రానికి అటూ ఇటూ చిక్కుడు గింజల్లాంటి రెండు రక్షక కణాలుంటాయి. నీరు చేరి అవి ఉబ్బితే నడుమ సందు తెరుచుకుంటుంది. ఆ నీటిని రప్పించేది ముఖ్యంగా పొటాషియం. అది లోపలికి రావాలంటే కణపొరలోని పంపు ముందు ప్రోటాన్లను బయటికి తోడాలి. తోడేకొద్దీ కణం లోపలి వైపు రుణావేశం పెరిగి, ధనావేశమున్న పొటాషియాన్ని లాక్కుంటుంది. ఖర్చంతా ఈ పంపు దగ్గరే. కణంలో శక్తిని అందించే అణువైన ఏటీపీ లేనిదే అది నడవదు.

ఆ ఏటీపీ ఎవరిస్తారు? బాహ్యచర్మంలోని మామూలు కణాల్లో సాధారణంగా కనిపించని హరితరేణువులు రక్షక కణాల్లో ఉన్నాయి. అవి కాంతితో ఏటీపీ తయారుచేయగలవు కాబట్టి శాస్త్రవేత్తల చూపు చాలాకాలం వాటిపైనే నిలిచింది. ఈ చర్చలో తెలుగువారి కృషి ఉంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్‌తో కలిసి పనిచేసి, తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఎ.ఎస్. రాఘవేంద్ర సరిగ్గా ఈ ప్రశ్నపైనే 1981లో పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రయోగానికి ఎంచుకున్నది మన చేలగట్ల మీద కలుపుగా పెరిగే వెన్నదేవికూర. ఆకు అడుగు పొరను పలచగా ఒలిచి, శ్వాసక్రియ నుంచి వచ్చే శక్తి ఎంత ముఖ్యమో, కాంతి నుంచి వచ్చేది ఎంత ముఖ్యమో పరీక్షించారు.

2022లో హాంకాంగ్ విశ్వవిద్యాలయ బృందం అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఏటీపీ జాడను మెరిసే ప్రోటీన్లతో పట్టుకుంది. ఫలితం ఆశ్చర్యకరం. రక్షక కణంలోని హరితరేణువు తనకు కావలసిన ఏటీపీని కూడా బయటి నుంచే తెచ్చుకుంటోంది! ఆ ఏటీపీని ప్రధానంగా తయారుచేసేది శ్వాసక్రియ జరిపే మైటోకాండ్రియా. అందుకు కావలసిన చక్కెర ఆకు మధ్యలోని పత్రాంతర కణాల నుంచి అందుతుంది.

అయితే వెలుతురు పనేమిటి? ఆజ్ఞ ఇవ్వడం. నీలికాంతిని ఫోటోట్రోపిన్లనే ప్రోటీన్లు పసిగట్టి పంపుకు కబురు పంపుతాయి. ఆ కాంతి పడగానే పంపుకు ఫాస్ఫేట్ అతుక్కుని అది చురుకవుతుందని జపాన్ శాస్త్రవేత్తలు కినోషిత, షిమజాకి 1999లో చూపారు.

నిల్వ పిండిపదార్థం తీరు మరీ విచిత్రం. మిగతా ఆకు కణాలు రాత్రంతా దాన్ని కరిగించుకుని తింటాయి. అరబిడాప్సిస్ రక్షక కణాలు మాత్రం తెల్లవారేదాకా దాచి, వెలుగు తగిలాక తొలి గంటలోనే ఖర్చుపెడతాయి. ఆ నిల్వను కరిగించే ఎంజైములు లోపించిన మొక్కల్లో రంధ్రాలు నెమ్మదిగా తెరుచుకున్నాయి.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో పత్రరంధ్రాలను చూపించే అధ్యాపకులు ఒక పని చేయవచ్చు. ఆకు నుంచి ఒలిచిన పొరలను పలుచని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో వేసి, కొన్నిటిని వెలుతురులోనూ, కొన్నిటిని చీకట్లోనూ ఉంచి, రెండు మూడు గంటల తర్వాత సూక్ష్మదర్శిని కింద పోల్చి చూపండి. పుస్తకంలో బొమ్మగా చూసిన రంధ్రం నిజంగా కదులుతుందని పిల్లలకు తెలుస్తుంది.